అమెరికా తొలినాటి బంగారు నాణేలు (1795–1834): టైపు సెట్ ఎక్కడ మొదలుపెట్టాలి, కొనేముందు ఏం చూడాలి?

వరహా_వేట:
అందరికీ నమస్కారం. ఫిలడెల్ఫియా టంకశాలలో 1795 నుంచి 1834 దాకా కొట్టిన బంగారు నాణేల్లో రకానికి ఒకటి చొప్పున కూర్చాలని ఉంది. కొనేదీ దాచేదీ అమెరికాలోనే. నాలుగు సందేహాలు. అసలు ఎన్ని రకాలు ఉన్నాయి, ఏది ముందు కొనాలి? ముద్రించిన సంఖ్య చూసి అరుదైనదో కాదో చెప్పేయొచ్చా? స్లాబులో (గ్రేడింగ్ సంస్థ నాణేన్ని పరీక్షించి సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టె) లేని నాణెం కొనొచ్చా? తోమడం, బెజ్జం లాంటి లోపం వల్ల అంకె గ్రేడు రాక ‘డీటెయిల్స్’ అని రాసి ఉన్నవి బాగా తక్కువకు దొరుకుతున్నాయి, వాటిని తీసుకోవచ్చా? ఈ నాణేలు బాగా తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఈగిల్_మాస్టారు:
స్వాగతమండీ. ముందు పటం గీసుకుందాం.

1792 ఏప్రిల్ 2 నాటి చట్టం మూడు బంగారు నాణేలను నిర్ణయించింది: పది డాలర్ల ఈగిల్, అయిదు డాలర్ల హాఫ్ ఈగిల్, రెండున్నర డాలర్ల క్వార్టర్ ఈగిల్. బంగారం 22 క్యారెట్లు, అంటే పన్నెండు పాళ్లలో పదకొండు. మిగతా పాలు వెండి, రాగి. అందులో వెండి సగానికి మించకూడదు. బరువులు ఈగిల్‌కు 270 గ్రెయిన్లు (17.50 గ్రాములు), హాఫ్ ఈగిల్‌కు 135 (8.75 గ్రాములు), క్వార్టర్ ఈగిల్‌కు 67.5 (4.37 గ్రాములు). హాఫ్ ఈగిల్‌లో మేలిమి 8.02 గ్రాములు, మన కోస్తా లెక్కలో దాదాపు కాసు బంగారం.

చట్టం వచ్చినా మూడేళ్ల దాకా బంగారం కొట్టలేదు. ముఖ్య నాణెకారుడు, లోహపరీక్షకుడు చెరో 10,000 డాలర్ల పూచీ కట్టాలన్నారు, అంత సొమ్ము వాళ్లకు కుదరలేదు. 1794లో ఆ మొత్తం తగ్గించాక వెండి మొదలైంది. 1795 జూలై 31న తొలి హాఫ్ ఈగిళ్లు 744 బయటికొచ్చాయి, సెప్టెంబరులో ఈగిళ్లు, మరుసటి ఏడు క్వార్టర్ ఈగిళ్లు.

ఇక రకాలు. ఈగిల్‌లో రెండే: బొరుసు వైపు చిన్న గద్ద ఉన్నది (1795–1797), రొమ్ము మీద డాలుతో పెద్ద గద్ద ఉన్నది (1797–1804). హాఫ్ ఈగిల్‌లో చిన్న గద్ద (1795–1798), పెద్ద గద్ద (తేదీలు 1795–1807), జాన్ రైక్ చెక్కిన, ఎడమవైపు చూసే లిబర్టీ (స్వేచ్ఛాదేవత) ప్రతిమ (1807–1812), ఆ తర్వాత తల మాత్రమే ఉన్నది (1813–1834). ఈ చివరిదాన్ని 1829లో అడ్డుకొలత తగ్గించడంతో రెండుగా లెక్కిస్తారు. క్వార్టర్ ఈగిల్‌లో నక్షత్రాలు లేని 1796, నక్షత్రాలున్న 1796–1807, ఒక్క ఏడాదికే పరిమితమైన 1808, తర్వాత 1821–1827, 1829–1834. అన్నీ కలిపితే పన్నెండు. సెట్ పూర్తిచేయడం చాలా ఖరీదైన పని. సెట్‌ను ఆపేవి నక్షత్రాలు లేని 1796 (ముద్రణ 963), 1808 (ముద్రణ 2,710) క్వార్టర్ ఈగిళ్లు. ఒక్కో రకానికి ఒకే ఏడాది కాబట్టి, దొరక్కపోతే పక్క ఏడాదితో సరిపెట్టుకునే వీలు లేదు.

ఇంకో విషయం గమనించండి. తొలి నాణేల మీద విలువ రాయలేదు. హాఫ్ ఈగిల్ మీద ‘5 డి.’ వచ్చింది 1807లో రైక్ రూపకల్పనతోనే. పాత రకం పది డాలర్ల ఈగిల్ మీద విలువ ఎప్పుడూ లేదు. బరువే దాని విలువ.

టంకశాల_పద్దు:
ముద్రణ సంఖ్య గురించి అడిగారు కదా. ఈ కాలపు బంగారానికి ఆ సంఖ్యను నమ్ముకుంటే దారి తప్పుతారు.

రెండు హాఫ్ ఈగిళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. 1815లో కొట్టినవి 635. ఇవాళ మిగిలినవి డజను లోపు. 1822లో పద్దులో ఉన్నవి 17,796. మిగిలినవి మూడే మూడు. రెండు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. మూడోది లూయీ ఎలియాస్‌బర్గ్ సేకరణ నుంచి 1982లో 6,87,500 డాలర్లకు నాణేల సేకర్తలైన పోగ్ కుటుంబానికి వెళ్లింది, 2021 మార్చి వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది. ఇరవై ఎనిమిది రెట్లు ఎక్కువ కొట్టిన నాణెం ఇవాళ ఎక్కువ అరుదు.

కారణం అంతా బంగారం–వెండి నిష్పత్తిలో ఉంది. 1792 చట్టం ఒక పాలు బంగారానికి పదిహేను పాళ్ల వెండి అని కట్టింది. 1803లో ఫ్రాన్స్ పదిహేనున్నర అంది. అంటే అమెరికాలో వెండి ఇచ్చి బంగారు నాణేలు తీసుకుని ఐరోపాకు పంపితే మూడు శాతానికి పైగా మిగులు. ఓడ ఖర్చులు పోగా కూడా వ్యాపారులకు గిట్టుబాటయ్యింది. పెద్ద నాణెం అయితే ఎగుమతికి మరింత తేలిక, అందుకే 1804తో ఈగిల్ ముద్రణ ఆపేశారు, మళ్లీ 1838 దాకా లేదు. 1820ల్లో హాఫ్ ఈగిళ్లు టంకశాల నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి ఓడకు, ఓడ నుంచి కరిగించే మూసకు వెళ్లాయి. జనం చేతుల్లో తిరిగినవి చాలా తక్కువ. అందుకే ఆ దశాబ్దపువి దొరికితే అరిగిపోయినవి కాక దాదాపు కొత్తవిగానే దొరుకుతాయి.

1834 జూన్ 28 చట్టం బరువు తగ్గించింది. హాఫ్ ఈగిల్ 135 నుంచి 129 గ్రెయిన్లకు వచ్చింది. పాతదానిలో మేలిమి 123.75 గ్రెయిన్లు, కొత్తదానిలో 116. లెక్క వేస్తే పాత అయిదు డాలర్ల నాణెం కొత్త ధరలో 5 డాలర్ల 33 సెంట్లు. ఇక దాన్ని ఎవరు ఖర్చు పెడతారు? మిగిలినవి కూడా కరిగిపోయాయి. 1834 తేదీతో పాత రకం 50,141 కొట్టారని పద్దు చెబుతుంది, ఇవాళ వాటిని వెతుక్కోవాలి. తల మీద టోపీ తీసేసి, బొరుసు మీద లాటిన్ నినాదం తీసేసి విలియం నీస్ చెక్కిన కొత్త రకం (క్లాసిక్ హెడ్) అదే ఏడాది వచ్చింది. పాత బరువుదేదో కొత్తదేదో చూడగానే తెలియాలనే ఆ మార్పు.

పద్దుతో ఇంకో చిక్కుంది. టంకశాల ఏడాది వారీగా అప్పగించిన సంఖ్య రాసుకుంది. నాణెం మీద తేదీ వేరు. అచ్చు ఉక్కు ఖరీదైనది కాబట్టి పాత తేదీ అచ్చును పనికొచ్చినంత కాలం వాడారు. పెద్ద గద్ద ఉన్న 1795 హాఫ్ ఈగిల్ నిజానికి ఆ తర్వాత ఏళ్లలో కొట్టింది. 1802 హాఫ్ ఈగిళ్లన్నీ 1 మీద 2 పొడిచిన అచ్చువే, 1803వి అన్నీ 2 మీద 3. వీటిని ‘ఓవర్‌డేట్’ అని అదనపు ధర అడిగితే ఇవ్వకండి. ఆ ఏడాదికి వేరే రకమే లేదు.

వరహా_వేట:
చాలా ధన్యవాదాలు. మరి తొలి నాణెం ఏది కొంటే బాగుంటుంది?

ఎడిసన్_కాసు:
పెద్ద గద్ద ఉన్న హాఫ్ ఈగిల్. 1803, 1805, 1806 (6 అంకె తల గుండ్రంగా ఉన్నది), 1807 తేదీల్లో ఏదైనా సరే. ఈ శ్రేణిలో ఇవే ఎక్కువగా మార్కెట్లోకి వస్తాయి, పోల్చి చూసుకోవడానికి వేలం ఫొటోలు వందల్లో ఉంటాయి. ఎంచుకోవడానికి వీలుంటేనే కన్ను కుదురుతుంది. రెండోది రైక్ ప్రతిమ ఉన్న 1810 లేదా 1812. మూడోది 1813, ఆ రకంలో అందుబాటులో ఉండేది దాదాపు అదొక్కటే. 1820ల తేదీలు కొంటే ఒక్కదాని ధరలో మొత్తం సెట్ సగం అయిపోతుంది. ఈగిల్‌లో 1799, 1801, 1803 చూడండి.

గ్రేడు (నాణెం స్థితికి 70 దాకా ఇచ్చే అంకె; వి.ఎఫ్., ఎక్స్.ఎఫ్. అంటే అరిగినవి, ఎ.యు. దాదాపు కొత్తవి, ఎం.ఎస్. వాడనివి) విషయానికొస్తే ఎ.యు.50 నుంచి 55 మధ్య ఆగండి. ఎక్స్.ఎఫ్.45 కూడా మంచిదే. ఎం.ఎస్.61, 62 అని రాసిన వాటిలో చాలా వాటికి చెంప మీద, పొలంలో (బొమ్మ చుట్టూ ఉన్న చదును భాగం) సంచి దెబ్బలు (సంచుల్లో నాణేలు ఒకదానికొకటి తగిలి పడ్డవి) నిండి ఉంటాయి. ఎ.యు.55లో అక్షరాల మధ్య మెరుపు మిగిలి, పొలం శుభ్రంగా ఉన్నది కంటికి ఎంతో బాగుంటుంది, ధర కూడా తక్కువ.

సెట్‌కు బయటైనా సరే, ముందు క్లాసిక్ హెడ్ హాఫ్ ఈగిల్ 1834 లేదా 1836 ఒకటి కొని చేతిలో ఉంచుకోమని నా సలహా. పాత బంగారం రంగు, అరుగుదల ఎక్కడ మొదలవుతుంది అన్నవి దాని మీద నేర్చుకోవచ్చు, చేతికి అందే ధరలో. బొమ్మ వైపు తేదీ పైన సి లేదా డి ఉన్న 1838 మాత్రం వేరే సంగతి. షార్లెట్, డలోనెగా టంకశాలల తొలి ఏడాది అది, ధర అందనంత పైన ఉంటుంది.

లెన్సు_పది:
గ్రేడు అంకె కంటే ముందు నాణెం పైచర్మం చూడాలి. ఈ శ్రేణిలో నాణ్యత అంతా అక్కడే ఉంది. తోమని, రసాయనంలో ముంచని నాణేలు తక్కువ. ముంచిన దాన్ని గ్రేడింగ్ సంస్థలు కూడా అంకె ఇచ్చి పంపిస్తున్నాయి. కనుక స్లాబులో ఉందన్నంత మాత్రాన చూసే పని తప్పదు.

పది రెట్ల భూతద్దం, ఒకే ఒక దీపం. ట్యూబ్‌లైటు వద్దు, చిన్న హాలోజెన్ లేదా వెచ్చటి ఎల్‌ఈడీ చాలు. నాణెం మెల్లగా తిప్పండి.

రంగు: రెండు వందల ఏళ్లు నిమ్మళంగా ఉన్న 22 క్యారెట్ల బంగారం ఆకుపచ్చ ఛాయ కలిసిన పసుపులో గానీ నారింజ ఛాయలో గానీ ఉంటుంది. అక్షరాల మూలల్లో కొంచెం మురికి నిలిచి ఉంటుంది. నాణెమంతా ఒకే పసుపుతో, మూలలు కూడా మెరిసిపోతుంటే ముంచారన్నమాట. ఒకే దిశలో సన్నని వెంట్రుక గీతలు పొలం నిండా ఉంటే గుడ్డతో రుద్దారు.

బలహీన ముద్ర, అరుగుదల: నెత్తి మీద జుట్టు, గద్ద రొమ్ము మీది డాలు స్పష్టంగా లేకపోతే రెండు కారణాలు ఉండొచ్చు. అచ్చు సరిగా దిగలేదా, తర్వాత అరిగిందా? అచ్చు దిగని చోట మెరుపు పొలంలో ఎలా ఉందో అలాగే సాగుతుంది. అరిగిన చోట మెరుపు తెగిపోయి, రంగు ఒక ఛాయ మందంగా మారుతుంది. ఫొటోలో ఈ తేడా దొరకదు, తిప్పి చూడాల్సిందే. డీలరును చిన్న వీడియో అడగండి.

ఆకురాయి గీతలు: కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా భయపడేది వీటికే. బిళ్లను తూకం వేసినప్పుడు బరువు ఎక్కువైతే టంకశాలలోనే ఆకురాయితో గీకి సరిచేసేవాళ్లు, ఆ తర్వాత అచ్చు కొట్టేవాళ్లు. లోతుగా పడితే ముద్ర కింద కూడా నిలిచిపోయేవి. సమాంతరంగా, అంచు దగ్గరో నట్టనడుమో ఉంటాయి. నక్షత్రం లేదా అక్షరం గీత మీదుగా పోతుంటే, గీత లోపల కూడా మెరుపు ఉంటే అది టంకశాల పనే. తర్వాత పడ్డ గీత అయితే ఎత్తైన భాగాలను కోసుకుంటూ పోతుంది, రెండు ఒడ్డుల్లో లోహం పైకి లేస్తుంది, లోపల రంగు కొత్తగా ఉంటుంది. మొదటిదానికి గ్రేడు తగ్గించరు, అయితే ముఖం మీదుగా గీతలు పోతే కొనేవాళ్లు తగ్గుతారు, ధర కూడా తగ్గుతుంది. బొరుసు వైపు అంచున ఉన్నదాన్ని నిశ్చింతగా కొనొచ్చు.

కాసులపేరు:
డీటెయిల్స్ నాణేల గురించి నా మాట. వాటిని మొత్తంగా పక్కన పెట్టక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో వీటిని గొలుసులకు, పిన్నులకు, గడియారం గొలుసు చివరకు కట్టించుకున్నారు. మన కాసులపేరులో సవరన్లకు కొక్కెం పెట్టించినట్టే. అలాంటివాటిలో గుర్తుపట్టాల్సినవి మూడు. మొదటిది అంచు పళ్ళు (నాణెం పక్క అంచు మీది సన్నని గాట్లు): కొక్కెం అతికించిన చోట, ముఖ్యంగా పన్నెండు గంటల స్థానంలో, పళ్ళు చదునుగా ఉంటాయి లేదా కొత్తగా కోసి ఉంటాయి. రెండోది టంకం: ఆ చోట రంగు తెల్లగా లేదా ఎర్రగా తేలుతుంది. మూడోది పూడ్చిన బెజ్జం: రెండు వైపులా ఒకే చోట పొలం నునుపుగా, చుట్టూ గుండ్రటి గీతగా, అక్కడున్న నక్షత్రమో అక్షరమో పక్కవాటికంటే మొద్దుగా ఉంటుంది. ఏటవాలు వెలుతురులో దొరుకుతుంది.

నక్షత్రాలు లేని 1796 క్వార్టర్ ఈగిల్, చిన్న గద్ద ఈగిల్ లాంటివి పూర్తి గ్రేడులో చాలామందికి ఎప్పటికీ అందవు. తక్కువగా తోమిన, పూడ్పు లేని డీటెయిల్స్ నాణెం అయితే ఆ రకం సెట్‌లో ఉంటుంది. చరిత్ర చేతిలో పట్టుకోవడానికి అది చాలు.

ఈగిల్_మాస్టారు:
ఇక్కడ నేను ఒప్పుకోలేను కాసులపేరు గారూ. కొనేటప్పుడు ఎంత తగ్గుతుందో చూస్తున్నాం, అమ్మేటప్పుడు ఎంత మంది ముందుకొస్తారో కూడా చూడాలి. డీటెయిల్స్ నాణేనికి ధరల పట్టిక లేదు. అదే నాణేనికి ఒక వేలానికీ ఇంకో వేలానికీ చాలా తేడా వస్తుంది. అదే డబ్బుతో వి.ఎఫ్.30లో సహజంగా అరిగిన 1806 హాఫ్ ఈగిల్ వస్తే, అది ఎప్పుడైనా అమ్ముడవుతుంది. పన్నెండు పూర్తి చేయాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. అయిదు మంచివి చాలు.

ఒక్క మినహాయింపు ఇస్తాను. ‘ఎన్విరాన్‌మెంటల్ డ్యామేజ్’ అని రాసి, ఓడ మునిగిన చోట ఇసుక రాపిడి మాత్రమే ఉన్నవి ఉంటాయి. ఆకారం పోలేదు, ఎవరూ చెక్కలేదు. అవి ఆలోచించదగినవి.

కాసులపేరు:
మాస్టారూ, అమ్మకం దృష్టితో మీరు చెప్పింది సరే. అమ్మే ఉద్దేశం లేకుండా రకాలు చదువుకోవడానికి కొనేవాళ్లూ ఉన్నారు, నా మాట వాళ్లకు. అయినా పూడ్చిన బెజ్జం, కొత్తగా చెక్కిన నక్షత్రాలు ఉన్నవి ఎవరూ కొనొద్దు. అక్కడ మనిద్దరిదీ ఒకే మాట.

తక్కెడ:
స్లాబు లేని నాణెం అంటే నా జవాబు: గ్రేడింగ్‌కు పంపి, నిజమైనదని తేలితేనే అమ్మకం ఖాయమన్న రాతపూర్వక షరతు లేకుండా వద్దు. అయినా చేతికి వస్తే చేయాల్సిన పరీక్షలు చెబుతాను.

తూకం ముందు. 0.001 గ్రాము చూపే తక్కెడ కావాలి, 0.01 చాలదు. ఎందుకో కింద చెబుతాను. హాఫ్ ఈగిల్ 8.75కు దగ్గరగా ఉండాలి. అరుగుదలను బట్టి కొంచెం తగ్గొచ్చు, పెరగడానికి మాత్రం కారణం లేదు. స్పష్టంగా ఎక్కువ తూగితే అక్కడే ఆపేయండి. క్లాసిక్ హెడ్‌కు ప్రమాణం 8.36 గ్రాములని గుర్తుంచుకోండి.

తర్వాత సాంద్రత. చిన్న గ్లాసులో స్వేదన జలం పోసి తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేస్తే గాలి బుడగలు అంటుకోవు. నాణేన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, అడుగునూ గోడలనూ తాకకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. దారం పట్టుకునే స్టాండు తక్కెడ పళ్లానికి తగలకూడదు. ఇప్పుడు చూపే అంకె, నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. గాలిలో తూకాన్ని దీంతో భాగిస్తే సాంద్రత. హాఫ్ ఈగిల్‌కు ఉదాహరణ: 8.740 ÷ 0.494 = 17.69. 22 క్యారెట్లకు వెండి, రాగి పాళ్లను బట్టి 17.5–17.9 మధ్య రావాలి. క్లాసిక్ హెడ్‌కు కొంచెం తక్కువ, 17.2 పరిసరాల్లో.

ఇప్పుడు తక్కెడ సంగతి. 0.01 తక్కెడ 0.494ను 0.49 అనో 0.50 అనో చూపిస్తుంది. మొదటిదానితో 17.84, రెండోదానితో 17.48 వస్తుంది. ఒక్క అంకె అటూ ఇటూ అయితేనే పరీక్ష అర్థం లేకుండా పోతుంది. క్వార్టర్ ఈగిల్‌కు నెట్టే నీరు పావు గ్రాము లోపు, దాని విషయంలో ఇంకా ఘోరం. ప్రతిసారీ తుడిచి మూడుసార్లు తూచి సగటు తీయండి.

ఇదంతా సరిపోయినా నాణెం నిజమైనదని తేలలేదు. లోహం సరైనదని మాత్రమే తేలింది. ఈ నాణేల నకళ్లను సరైన బంగారంతోనే కొట్టేవాళ్లు ఉన్నారు, ఎందుకంటే 8 గ్రాముల మేలిమి ఖర్చు కంటే నాణెం ధర ఎన్నో రెట్లు ఎక్కువ.

లెన్సు_పది:
తక్కెడ గారు ఆపిన చోటు నుంచి అందుకుంటాను. అచ్చు సరిపోల్చడమే అసలైన పరీక్ష.

ఆ రోజుల్లో తేదీ, నక్షత్రాలు, అక్షరాలు ఒక్కొక్కటిగా అచ్చు మీద చేత్తో పొడిచేవాళ్లు. అందుకే ఏ రెండు అచ్చులూ ఒకలా ఉండవు. హ్యారీ బాస్, జాన్ డాన్‌రాయిథర్ పరిశోధనతో ఈ శ్రేణిలోని బొమ్మ–బొరుసు అచ్చుల జంటలన్నిటికీ బీడీ (బాస్–డాన్‌రాయిథర్) నంబర్లు వచ్చాయి. మీ చేతిలోని నాణేనికి మొదటి నక్షత్రం జుట్టుకు ఎంత దూరం, చివరి నక్షత్రం ప్రతిమకు తగులుతుందా, తేదీ చివరి అంకె ఎక్కడుంది, బొరుసు మీద గద్ద రెక్క కొస ఏ అక్షరం కిందకు వస్తుంది, ముక్కు ఏ నక్షత్రాన్ని తాకుతుంది అని చూసి ఏదో ఒక నంబరుతో జత కుదరాలి. 1795 ఈగిల్‌లో అయితే కొమ్మకు ఆకులు లెక్కపెట్టండి. పదమూడు మామూలుగా దొరికేవి, తొమ్మిది ఆకులది చాలా అరుదు. ఏ జంటతోనూ కుదరకపోతే కొత్త రకం దొరికిందని సంబరపడకండి, నకిలీ అనే అనుకోండి.

నకిలీల్లో తరచూ కనిపించేవి: పొలంలో పైకి లేచిన సన్నని పురుగు లాంటి గీతలు, అక్షరాల కాళ్ల దగ్గర పదును లేకపోవడం, పోతపోసిన వాటికి చిన్న చిన్న బుడగ గుంటలు. ఇంకో పెద్ద గుర్తు, ఒకే దెబ్బ అదే చోట వేర్వేరు నాణేల మీద కనిపించడం. నిజమైన నాణేన్ని నమూనాగా పెట్టుకుని అచ్చు తీసినప్పుడు దాని మీది గాయాలు కూడా అచ్చులోకి వెళతాయి. వేలం ఫొటోల్లో వెతికి అదే గాయం ఇంకో నాణెం మీద కనిపిస్తే రెండింటినీ అనుమానించండి.

స్లాబుకు కూడా నకిలీలు ఉన్నాయి. గ్రేడింగ్ సంస్థ పీసీజీఎస్ అయినా ఎన్‌జీసీ అయినా సర్టిఫికెట్ నంబరును వాళ్ల సైట్లో కొట్టి ఆగిపోకండి, నిజమైన నంబరునే దొంగ స్లాబు మీద అచ్చు వేస్తారు. సైట్లో ఫొటో ఉంటే ఆకురాయి గీతలు, మచ్చలు ఒక్కొక్కటీ మీ నాణెంతో పోల్చండి.

వేలంపాట:
కొనుగోలు లెక్కలు నేను చెబుతాను. పెద్ద వేలం సంస్థల్లో పాట ధర మీద కొనుగోలుదారు రుసుము 20 శాతం, కొన్నిచోట్ల ఆ పైన కూడా ఉంటుంది. 8,000కు పాడితే చెల్లించేది 9,600. కనుక వెనక్కి లెక్కెయ్యండి: మీ హద్దు 9,000 అయితే 1.2తో భాగించి 7,500 దగ్గర ఆగాలి. రాష్ట్రాన్ని బట్టి అమ్మకపు పన్ను అదనం. టెక్సస్‌లో నాణేలకు లేదు. అమ్మేటప్పుడు ఏడాదికి పైగా ఉంచుకున్నదాని లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం, షేర్ల కంటే ఎక్కువ, ఎందుకంటే నాణేలు ‘కలెక్టిబుల్స్’ కింద వస్తాయి.

హెరిటేజ్, స్టాక్స్ బౌవర్స్ అనే వేలం సంస్థల పాత వేలాల ఫొటోలు ధరలతో సహా ఉచితంగా తెరిచి ఉన్నాయి. కొనాలనుకున్న నాణెం అక్కడ ముందు ఎప్పుడైనా వచ్చిందేమో వెతకండి. ఆకురాయి గీతలు, మచ్చలే వేలిముద్రల్లా పనికొస్తాయి. నిన్న ఎ.యు.53గా అమ్మినది ఇవాళ ఎ.యు.58గా కనిపించడం ఈ శ్రేణిలో మామూలు. మధ్యలో రంగు మారిందంటే ముంచారు. ఏ గ్రేడులో ఎన్ని నాణేలు చూశారో చెప్పే గ్రేడింగ్ సంస్థల సంఖ్యల పట్టిక కూడా ఇందువల్లే ఉబ్బుతుంది: ఒకే నాణేన్ని స్లాబు పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపితే పట్టికలో అన్నిసార్లూ లెక్కకొస్తుంది.

స్లాబులోని నాణేలను మళ్లీ చూసి చీటీ అంటించే సీఏసీ అనే సంస్థ ఆకుపచ్చ చీటీ ఉంటే ఆ గ్రేడుకు నాణెం గట్టిగా నిలుస్తుందని ఇంకొకరు చూసి చెప్పినట్టు. తొలినాటి బంగారంలో ఆ చీటీ ఉన్నవి తక్కువ కాబట్టి అదనం బాగానే అడుగుతారు. చీటీ లేనంత మాత్రాన చెడ్డదని కాదు, కొన్నింటిని అసలు పంపి ఉండరు.

వరహా_వేట:
వీటిని హైదరాబాద్ తీసుకెళ్లి ఇంట్లో ఉంచుకునే వీలుందా? దాచడం ఎలా?

టంకశాల_పద్దు:
తీసుకెళ్లకపోవడమే మేలు. భారత కస్టమ్స్‌లో ప్రయాణికులకు ఉండే సుంకం మినహాయింపు నగలకే, నాణేలకు కాదు. అంతకంటే పెద్ద అడ్డంకి 1972 నాటి పురావస్తువుల చట్టం. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు నిర్వచనంలోకి వస్తుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం బయటికి పంపకూడదు. అంటే ఒకసారి లోపలికి వెళ్లిన 1803 ఈగిల్‌ను మళ్లీ గ్రేడింగ్‌కో వేలానికో అమెరికా పంపాలంటే పురావస్తు శాఖ గడప తొక్కాలి. దానికి మార్కెట్ ఉన్నది అక్కడ. నాణెం కూడా అక్కడే ఉండనివ్వండి.

తక్కెడ:
దాచడం: బ్యాంకు లాకరు, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, ఆరు నెలలకోసారి మార్చాలి. మెత్తటి పీవీసీ కవర్లు నిషిద్ధం, వాటి నుంచి ఆకుపచ్చ జిడ్డు దిగుతుంది. బంగారం చెడదు గానీ అందులోని రాగి చెడుతుంది. స్లాబు లేని నాణేనికి జిడ్డు అంటితే స్వచ్ఛమైన అసిటోన్ గాజు గిన్నెలో పోసి కొన్ని నిమిషాలు నానబెట్టి, రెండో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ముంచి, గాలికి ఆరనివ్వండి. తుడవకూడదు, దూదితో కూడా. గోళ్ల రంగు తీసే ద్రవం వద్దు, అందులో వేరేవి కలుపుతారు. కిటికీ తెరిచి, మంటకు దూరంగా చేయండి. ఎర్రటి రాగి మచ్చలు మాత్రం అసిటోన్‌తో పోవు, వాటిని అలాగే వదిలేయండి.

బీమా: మామూలు ఇంటి పాలసీల్లో నాణేలకు హద్దు చాలావరకు 200 డాలర్లే. సేకరణలకు విడిగా పాలసీ తీసుకోవాలి. పోస్టులో పంపాలంటే యూఎస్‌పీఎస్ (అమెరికా తపాలా శాఖ) రిజిస్టర్డ్ మెయిల్, 50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది. నెమ్మదిగా వెళుతుంది, కానీ ప్రతి చేతి మార్పుకూ సంతకం ఉంటుంది. పెట్టె మీద ‘కాయిన్’ అన్న మాట ఎక్కడా రాయొద్దు, పంపేవారి పేరులో కూడా.

వరహా_వేట:
ఒక డీలరు దగ్గర 1806 హాఫ్ ఈగిల్, 6 తల గుండ్రంగా ఉన్నది, ఎ.యు.53, సీఏసీ చీటీ లేదు. ఫొటోలో ఎడమవైపు నక్షత్రాలు ఏడు, కుడివైపు ఆరు. బొరుసు మీద డాలు దగ్గర నాలుగు సమాంతర గీతలు కనిపిస్తున్నాయి. ఏం అడగాలి?

లెన్సు_పది:
ఏడు–ఆరు అమరిక సరైనదే. 6 తల మొనదేలి ఉన్నవాటికి ఎనిమిది–అయిదు ఉంటాయి. మీరు చెప్పింది బీడీ-6గా గుర్తించే రకం. ఇందులో ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి కాబట్టి తొందర అక్కర్లేదు.

డీలరును మూడు అడగండి. ఒకటి, ఒకే దీపం కింద నాణెం పూర్తిగా తిరిగే పది సెకన్ల వీడియో. టోపీ మడత దగ్గర, నుదుటి జుట్టు దగ్గర మెరుపు ఎక్కడ తెగుతుందో అందులో చూస్తాం. రెండు, డాలు దగ్గర గీతలకు దగ్గరి ఫొటో. డాలు నిలువు చారలు గీతల మీదుగా ఎడతెగకుండా సాగితే ఆకురాయి గీతలే, చారలను తెంపితే తర్వాతి గాయం. మూడు, అంచు పళ్ళు చుట్టూ కనిపించే ఫొటో, స్లాబు పక్క నుంచి అయినా సరే.

వేలంపాట:
ఆ నాణెం సర్టిఫికెట్ నంబరు కూడా తీసుకోండి. ఇదే తేదీ ఎ.యు.53 నాణేలు గత రెండేళ్లలో వేలాల్లో ఎంత పలికాయో రుసుముతో కలిపి చూసి, డీలరు ధర అంతకంటే పది శాతానికి మించి ఎక్కువ కాకపోతే బేరం మాట్లాడొచ్చు. తిరిగి ఇచ్చే గడువు కనీసం ఏడు రోజులని రాతలో ఉండాలి. డబ్బు కట్టేముందు ఫొటోలు ఇక్కడ పెట్టండి, గీతలు అందరం చూద్దాం.